ఇంట్లోనే పాత్‌ఫైండర్ సొసైటీ టేబుల్ నడపడం ఎలా?

నెలకు రెండు ఆదివారాలు మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ ఖాళీ చేసి గడుల చార్టు పరుస్తాం, పాత్‌ఫైండర్ అనే కథల ఆట ఆడటానికి. నలుగురైదుగురు వస్తారు. ప్రతిసారీ అదే నలుగురైదుగురు కాదు. ఒకరికి ఆఫీసులో రిలీజ్ ఉంటుంది, ఒకరికి ఊళ్లో బంధువుల పెళ్లి ఉంటుంది, ఒకరి పాపకు జ్వరం వస్తుంది. అయినా ఆట ఆగదు. ఎవరు వస్తే వాళ్లతో మొదలవుతుంది, రాత్రి ఏడింటికల్లా ఒక కథ పూర్తవుతుంది.

అంతకుముందు రెండుసార్లు సొంత కథతో పెద్ద క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే ఒకే కథ, మొదలుపెట్టాం. రెండూ ఐదారు వారాలకే ఆగిపోయాయి. కథ బాగాలేక కాదు, అందరికీ ఒకే ఆదివారం ఖాళీ దొరక్క. ఉద్యోగాలు, సంసారాలు ఉన్నవాళ్లు ఇలాంటి ఆట ఆడాలంటే అసలు ఇబ్బంది అదే. ఆర్గనైజ్డ్ ప్లే అనే పద్ధతి దానికి మందు, అదేమిటో కింద చెబుతాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒకరు కథ నడుపుతారు. వాళ్లను గేమ్ మాస్టర్, క్లుప్తంగా జీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ కథలో ఏం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం తేలని చోట పాచిక వేస్తారు. ఇక ఆర్గనైజ్డ్ ప్లే అంటే, వేరువేరు ఊళ్లలో ఆడేవాళ్లంతా ఒకే నియమాలతో, ఒకే రకం రికార్డుతో ఆడటం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను తెచ్చిన టీఎస్‌ఆర్ కంపెనీ 1980లోనే ఆర్‌పీజీఏ అనే సంఘం పెట్టి దీనికి దారి వేసింది. ఆ ఆటకు ఇప్పుడు అడ్వెంచరర్స్ లీగ్ ఉంది, అది 2014లో మొదలైంది. మేం ఆడేది పైజో కంపెనీ 2008లో మొదలుపెట్టిన పాత్‌ఫైండర్ సొసైటీ. 2019లో పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ వచ్చింది. కింద చెప్పేదంతా ఆ ఎడిషన్‌కే.

ఇది ఎలా పనిచేస్తుందో ముందు అర్థం చేసుకోండి. ఒక్కో కథను సినారియో అంటారు. నాలుగైదు గంటల్లో, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. మీ పాత్రకు, అంటే క్యారెక్టర్‌కు, ఒక నంబర్ ఉంటుంది. అది ఎంత బలపడిందో చెప్పే అంక‌ెను లెవెల్ అంటారు. ఆట ముగిశాక ఆ క్యారెక్టర్‌కు ఏం దక్కిందో క్రానికల్ షీట్ అనే కాగితం మీద రాస్తారు. ఆ నంబర్, ఆ షీట్లు ఉంటే అదే క్యారెక్టర్‌తో లెవెల్ సరిపోయిన ఏ పాత్‌ఫైండర్ సొసైటీ టేబుల్ దగ్గరైనా కూర్చోవచ్చు. మా ఇంట్లో ఆడే మిత్రుడొకరు ఉద్యోగం మారి టెక్సస్ వెళ్లారు. ఇక్కడ రెండో లెవెల్ దాకా పెంచుకున్న క్యారెక్టర్‌ని అక్కడి గేమ్ షాపు టేబుల్ దగ్గర మూడో లెవెల్‌కు తెచ్చారు. సెలవుల్లో వచ్చినప్పుడు ఆ షీట్లు పట్టుకొచ్చి మళ్లీ మా టేబుల్ దగ్గరే కూర్చున్నారు.

కథలో కూడా దీనికి తగ్గ ఏర్పాటు ఉంది. ఆటగాళ్లంతా పాత్‌ఫైండర్ సొసైటీ అనే సంస్థ ఏజెంట్లు. దాని ప్రధాన కేంద్రం అబ్సలోమ్ నగరంలోని గ్రాండ్ లాడ్జ్. పాత శిథిలాలు, పోయిన పుస్తకాలు, తెలియని దేశాలు వెతికి వాటి వివరాలు రాసి పంపడం వాళ్ల పని. ఒక్కో పనికి అప్పటికి అందుబాటులో ఉన్నవాళ్లను పంపుతారు. కాబట్టి పోయినసారి ఉన్న మంత్రగాడు ఈసారి ఎందుకు లేడని ఎవరూ అడగరు. వేరే పని మీద వెళ్లాడు, అంతే.

మొదటి పని: మొదటి ఆట ఎంచుకోవడం

మొదటి రోజే ఐదు గంటల సినారియో పెట్టొద్దు. బౌంటీలు అని చిన్న కథలు ఉంటాయి. గంట, గంటన్నరలో అయిపోతాయి. ఒక పని, ఒక ప్రయాణం, ఒక పోరాటం. వాటిలో మొదటి లెవెల్ క్యారెక్టర్లకు రాసినది తీసుకోండి. కొత్తవాళ్లతో ఆడితే రెండు గంటలు పట్టొచ్చు, పట్టనివ్వండి. వాళ్లు "అప్పుడే అయిపోయిందా?" అనేలా ఉంటే మళ్లీ వస్తారు. రాత్రి పదింటికి కళ్లు మూతలు పడుతూ ముగిస్తే రారు.

రెండోసారికి ఒకటి నుంచి నాలుగో లెవెల్ వరకు పనికొచ్చే సినారియో తీసుకోండి. మొదటి సీజన్ మొదటి సినారియో, ది అబ్సలోమ్ ఇనీషియేషన్, ఇందుకు బాగుంటుంది. అది రిపీటబుల్, అంటే ప్రతిసారీ వేరే క్యారెక్టర్‌తో అయితే ఎన్నిసార్లు ఆడినా లెక్కలోకి వస్తుంది. మామూలు సినారియో అలా కాదు. మామూలుగా ఆటగాడిగా ఒకసారి, జీఎంగా ఒకసారి మాత్రమే దాని క్రెడిట్, అంటే షీట్ మీద రాసుకునే ఫలం, దక్కుతుంది. ఆరు నెలల తర్వాత కొత్త మిత్రులు చేరినప్పుడు రిపీటబుల్ సినారియోల విలువ తెలుస్తుంది. పాతవాళ్లు, కొత్తవాళ్లు కలిసి కూర్చోగలుగుతారు.

సినారియో పీడీఎఫ్ జీఎం ఒక్కరు కొంటే చాలు. ఆటగాళ్లు కొనక్కర్లేదు, చదవకూడదు కూడా. ఆ పీడీఎఫ్ మీద కొన్నవాళ్ల పేరు వాటర్‌మార్క్‌గా ఉంటుంది. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. దాని వెనుక రాసినవాళ్ల, బొమ్మలు వేసినవాళ్ల కష్టం ఉంది. నియమాల కోసమైతే ఎవరూ పైసా పెట్టనక్కర్లేదు. ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో పాత్‌ఫైండర్ నియమాలన్నీ పైజో అనుమతితోనే ఉచితంగా ఉన్నాయి.

నంబర్లు ముందే తీసుకోండి

అందరూ పైజో సైట్‌లో అకౌంట్ తెరిచి ఆర్గనైజ్డ్ ప్లే నంబర్ తీసుకోవాలి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. రెండో ఎడిషన్‌లో ప్రతి ఒక్కరి మొదటి క్యారెక్టర్ 2001 నంబర్‌తో మొదలవుతుంది. మీ సొంత నంబర్, ఒక గీత, తర్వాత 2001. రెండో క్యారెక్టర్ 2002.

ఈ పని ఆట రోజున పెట్టుకోవద్దు. ఒకరికి ఓటీపీ రాదు, ఒకరు పాస్‌వర్డ్ మరిచిపోతారు, చూస్తుండగానే ముప్పావు గంట పోతుంది. గురువారం రాత్రికల్లా నంబర్లన్నీ మీకు పంపమని చెప్పండి. ఎవరైనా పంపకపోతే మీరే ఫోన్ చేసి, వాళ్లు లైన్లో ఉండగా చేయించండి.

జీఎం చేయాల్సింది ఇంకొకటి ఉంది. అదే సైట్‌లో మీ ఇంటి ఆటల కోసం ఒక ఈవెంట్ సృష్టించుకోవాలి. ఇల్లు కదా, ఒప్పుకుంటారా అనే సందేహం వద్దు. ఆటగాళ్లు వందల్లో చేరే కన్వెన్షన్‌లో ఆడినా, మీ హాల్లో చాప మీద ఆడినా నియమాలు ఒకటే, లెక్క ఒకటే. ఈవెంట్‌కు ఒక నంబర్ వస్తుంది. దాన్ని ఒక నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. ఆ నోట్‌బుక్‌లోనే ఎవరు ఏ సినారియో ఆడారో కూడా రాస్తూ ఉండండి. మరుసటి ఏడాది "ఇది నేను ఆడానా?" అని ఎవరైనా అడిగితే జవాబు అందులో ఉంటుంది.

ఎంతమంది, ఏ క్యారెక్టర్లు

నలుగురు నుంచి ఆరుగురు ఆటగాళ్లు, వాళ్లకు తోడు జీఎం. ముగ్గురే వస్తే ముందే తయారు చేసిపెట్టిన క్యారెక్టర్ ఒకటి నాలుగో మనిషిగా చేరుతుంది, దాన్ని జీఎం నడపవచ్చు. నా అనుభవంలో ఇంటికి ఐదుగురు సరిగ్గా సరిపోతారు. ఆరుగురైతే పోరాటంలో ఒక్కొక్కరి వంతు రావడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా చేతులు ఫోన్ల మీదికి వెళతాయి. ఐదుగురు కావాలంటే ఏడుగురికి చెప్పండి, వాళ్లలో ఇద్దరికి ఆఖరి నిమిషంలో పని పడుతుంది. ఏడుగురూ వచ్చేస్తామంటే ఒకరిని తర్వాతి ఆదివారానికి మొదటి పేరుగా రాసుకుని, ముందురోజే ఆ మాట చెప్పండి. ఇంటి దాకా రప్పించి చోటు లేదనడం తప్పు.

మొదటి రోజు ఎవరినీ సొంతంగా క్యారెక్టర్ తయారు చేయమని అడగొద్దు. పైజో ఉచితంగా ఇచ్చే రెడీమేడ్ క్యారెక్టర్లు ఉన్నాయి. కత్తి పట్టే ఫైటర్ వలెరోస్, గాయాలు మాన్పే క్లెరిక్ కైరా, తాళాలు తీసే రోగ్ మెరిసియెల్, ముసలి మంత్రగాడు, విజర్డ్ ఎజ్రెన్. మొదటిసారి ఆడేవాళ్లకు వలెరోస్ తేలిక. రెండు పేజీలు ప్రింట్ తీసి చేతికిస్తే చాలు, ఆట మొదలుపెట్టవచ్చు. ఆ రోజు దక్కిన క్రెడిట్ వాళ్ల సొంత 2001 క్యారెక్టర్‌కు వెళుతుంది. సొంత క్యారెక్టర్ తయారు చేసుకున్నాక కూడా రెండో లెవెల్‌లో ఆడే వరకు దాన్ని ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. ఈ మాట కొత్తవాళ్లకు గట్టిగా చెప్పండి. తప్పు ఎంచుకుంటామేమో అన్న టెన్షన్ సగం పోతుంది.

జీఎం ముందస్తు పని

ఇక్కడ మీరు పెట్టిన సమయమే ఆట రోజున కనిపిస్తుంది. నేను సినారియోను రెండుసార్లు చదువుతాను. మొదటిసారి కథ చదివినట్టు, ఏదీ రాసుకోకుండా. రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారు? ఆటగాళ్లకు ఏ సంగతి తెలియకపోతే కథ ముందుకు కదలదు? ఆ సంగతి తెలియడానికి ఎన్ని దారులున్నాయి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకుంటే, వాళ్లు ఏ దారిన వెళ్లినా మీరు కంగారు పడరు.

శత్రువుల వివరాలు సినారియో చివర తక్కువ స్థాయికి, ఎక్కువ స్థాయికి విడివిడిగా ఉంటాయి. మీ టేబుల్‌కు ఏది కావాలో ముందే లెక్కేసుకోండి. ఆ లెక్కను ఛాలెంజ్ పాయింట్లు అంటారు. ఒకటి నుంచి నాలుగో లెవెల్ సినారియోలో మొదటి లెవెల్ క్యారెక్టర్‌కు 2, రెండో లెవెల్‌కు 3, మూడో లెవెల్‌కు 4, నాలుగో లెవెల్‌కు 6 పాయింట్లు. అందరివీ కూడాలి. 15 వరకు వస్తే తక్కువ స్థాయి, 19 నుంచి ఎక్కువ స్థాయి. మధ్యలో 16 నుంచి 18 వస్తే మనుషుల సంఖ్య చూడాలి. నలుగురే ఉంటే ఎక్కువ స్థాయి, ఐదుగురు లేదా ఆరుగురు ఉంటే తక్కువ స్థాయి. ఉదాహరణకు మూడో లెవెల్ వాళ్లు నలుగురు వస్తే 16 పాయింట్లు, ఎక్కువ స్థాయి ఆడాలి. మూడో లెవెల్ ఇద్దరు, రెండో లెవెల్ ఇద్దరు, మొదటి లెవెల్ ఒకరు వచ్చినా 16 పాయింట్లే. కానీ ఐదుగురు కాబట్టి తక్కువ స్థాయి. పాయింట్లు పెరిగేకొద్దీ ఏ పోరాటంలో ఎవరిని అదనంగా కలపాలో సినారియోలోనే పక్కన రాసి ఉంటుంది.

శత్రువుల అంకెలను మీ ఇష్టానికి మార్చొద్దు. మన వాళ్లే కదా, ఈ రాక్షసిని కాస్త తేలిక చేద్దాం అనిపిస్తుంది. వద్దు. వేరే ఊళ్లో వేరే ఐదుగురు అదే రాక్షసితో పోరాడారు, అదే బహుమతి తీసుకున్నారు. మీ మిత్రుల షీట్ మీద ఉన్న అంకెకు విలువ అందువల్లే వచ్చింది. అయితే ఆటగాళ్లు పోరాడకుండా మాటలతోనో ఉపాయంతోనో గండం గట్టెక్కితే దాన్ని ఒప్పుకోండి. నియమాలు కూడా అందుకు చోటిస్తాయి. తెలివిగా ఆలోచించినందుకు ఎవరూ నష్టపోకూడదు.

తెలుగులో నడపడం

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మా టేబుల్‌ను నిలబెట్టింది ఇదే. సినారియో అంతా ఇంగ్లీషులో ఉంటుంది. చదివి వినిపించాల్సిన భాగాలను విడిగా చూపిస్తారు. మొదట్లో నేను వాటిని ఉన్నదున్నట్టు చదివేవాణ్ని. అందరికీ ఇంగ్లీషు వచ్చు, రోజంతా ఆఫీసులో మాట్లాడేది అదే. అయినా మూడో వాక్యానికే కళ్లు పక్కకు వెళ్లేవి. ఒకరోజు పుస్తకం పక్కన పెట్టి, చదివినదాన్ని మా అమ్మమ్మ కథ చెప్పే పద్ధతిలో నా మాటల్లో చెప్పాను. "అనగనగా" అనలేదు గానీ, ఆ నడక అదే. అందరూ ముందుకు వంగి విన్నారు.

అప్పటి నుంచి చదివి వినిపించే భాగాలను ముందురోజు రాత్రి నాలుగైదు తెలుగు వాక్యాలుగా రాసుకుంటున్నాను. అక్షరం అక్షరం అనువాదం చేయను. గదిలో ఏం కనిపిస్తోంది, ఏం వాసన వస్తోంది, ఎవరు నిలబడి ఉన్నారు, అంతే. నియమాల మాటలు మాత్రం ఇంగ్లీషువే ఉంచండి. యాక్షన్, సేవ్, ఏసీ, డీసీ, హిట్ పాయింట్లు. వీటికి తెలుగు పేర్లు పెడితే ఆర్కైవ్స్‌లో వెతుక్కోలేరు, వేరే టేబుల్‌కు వెళ్లినప్పుడు తికమక పడతారు.

మన భాషలో జీఎం చేతికి దొరికే గొప్ప సాధనం నువ్వు, మీరు. ఇంగ్లీషు సినారియోలో అందరూ అందరినీ ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో మీరు నిర్ణయించుకోవాలి. పని అప్పగించే వెంచర్-కెప్టెన్ "రండి, కూర్చోండి" అంటారా, "రావయ్యా" అంటారా? రేవులో సామాను మోసే మనిషి ఏజెంట్లను "అయ్యా" అంటాడా? సినారియో చదివేటప్పుడే ప్రతి పాత్ర పేరు పక్కన అది రాసుకోండి. పాత్ర ఎలాంటిదో ఒక్క మాటలో ఆటగాళ్లకు తెలిసిపోతుంది.

ఇంకా మంచి ఉపయోగం ఉంది. ఒక కావలివాడు మొదట "ఏయ్, ఎవరు నువ్వు? ఎక్కడికి?" అన్నాడు. ఆటగాడు డిప్లొమసీ, అంటే మాటలతో ఒప్పించే నేర్పు, పాచిక బాగా వేశాడు. మీరు గెలిచారని నేను ప్రకటించలేదు. కావలివాడు గొంతు తగ్గించి, "లోపల ఎవరిని కలవాలండీ?" అన్నాడు. టేబుల్ చుట్టూ అందరూ నవ్వారు. ఏం జరిగిందో ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒక జాగ్రత్త. పాత్రలకు యాస పెట్టాలనిపిస్తుంది. పెట్టండి, కానీ మీరు పుట్టి పెరిగిన యాసే వాడండి. దొంగకు ఒక జిల్లా యాస, తెలివితక్కువ వాడికి ఇంకో జిల్లా యాస పెడితే, ఆ జిల్లా నుంచి వచ్చిన మనిషి మీ టేబుల్ దగ్గరే కూర్చుని ఉంటారు. వాళ్లు నవ్వినట్టు కనిపిస్తారు, తర్వాతి వారం రారు. సినిమాల్లో అలవాటైపోయిన ఆ పద్ధతిని మన ఇంట్లోకి రానివ్వొద్దు.

ఇల్లు సిద్ధం చేయడం

పటం కోసం అంగుళం గడుల కాగితం కావాలి. ఆటలో ఒక గడి ఐదు అడుగులు. పైజో అమ్మే గడుల పటం, ఫ్లిప్-మ్యాట్, 24 అంగుళాలకు 30 అంగుళాలు. పిల్లల స్కూలు ప్రాజెక్టుకు కొనే చార్టు దాదాపు అంత ఉంటుంది. స్కేలు పెట్టి గడులు గీసి, పైన దళసరి పారదర్శక ప్లాస్టిక్ షీటు పరవండి. దాని మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో గోడలు, తలుపులు గీసి తుడిచేయవచ్చు. నా మొదటి చార్టు రెండేళ్లు వచ్చింది.

బొమ్మల కోసం ఖర్చు వద్దు. ఐదు రూపాయల బిళ్ల గడిలో చక్కగా ఇముడుతుంది, పైన చిన్న స్టిక్కర్ అంటించి పేరు రాయండి. క్యారమ్ కాయిన్ గడి దాటి బయటికి వస్తుంది, అందుకని మేం మానేశాం. నాలుగు గడులు ఆక్రమించే పెద్ద జంతువుకు జామ్ సీసా మూత పెట్టండి. శత్రువుల గుంపుకు చింతపిక్కలు చాలా బాగుంటాయి. ఒకవైపు అరగదీసినవైతే కదలకుండా కూర్చుంటాయి. పాచికల సెట్‌లో ఏడు ఉంటాయి. నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కొక్కటి, పది ముఖాలవి రెండు. ఆన్‌లైన్లో రెండు సెట్లు కొంటే మొదట్లో అందరికీ సరిపోతాయి.

ఫ్యాన్ సంగతి మరిచిపోవద్దు. సీలింగ్ ఫ్యాన్ కింద క్యారెక్టర్ షీట్లు నిలవవు, పరీక్ష అట్టలు తలా ఒకటి ఇవ్వండి. అపార్ట్‌మెంట్ అయితే పాచికల చప్పుడు, గెలిచినప్పుడు కేకలు కింది ఇంటికి వినిపిస్తాయి. పళ్లెంలో తువ్వాలు పరిచి అందులో పాచికలు వేయించండి. కరెంటు పోయినా ఆట ఆగకుండా సినారియోలో కావాల్సిన పేజీలు ప్రింట్ తీసి ఉంచుకోండి.

తిండి భోజనాల వేళలోనే, టేబుల్‌కు దూరంగా. మధ్యలో పెడితే మిర్చి బజ్జీల నూనె క్రానికల్ షీట్ మీదికి వస్తుంది. నాలుగున్నరకు పావుగంట టీ విరామం ఇవ్వండి. అప్పుడు టేబుల్ దగ్గర నుంచి అందరూ లేవాలి, మీరు కూడా. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, ఎన్ని గంటలు పడుతుందో, ఏం చేస్తున్నారో. మా నాన్నగారు మొదట్లో పాచికలు చూసి జూదమనుకున్నారు. పక్కన కుర్చీ వేసి ఒక కథ మొత్తం వినమన్నాను. ఇప్పుడు ఆట లేని ఆదివారం ఎందుకు లేదని అడుగుతున్నారు.

ఆట రోజు

రెండింటికి రమ్మంటే రెండున్నరకు మొదలవుతుంది, లెక్క అలాగే వేసుకోండి. వచ్చినవాళ్ల పేర్లు, నంబర్లు, క్యారెక్టర్ లెవెళ్లు నోట్‌బుక్‌లో రాయండి. ఛాలెంజ్ పాయింట్లు మరోసారి కూడండి. తలా ఒక హీరో పాయింట్ ఇవ్వండి. దాన్ని ఖర్చు చేసి, బాగా పడని పాచికను మళ్లీ వేయవచ్చు. ఆట సాగుతుండగా గంటకు ఒకటి చొప్పున, ఎవరు చక్కగా ఆడితే వాళ్లకు ఇస్తూ ఉండండి. మా ఇంట్లో దానికి గవ్వలు వాడతాం. గవ్వ చేతికి రాగానే ఆ మనిషి ముఖం చూడాలి.

ఆ తర్వాత ఐదు నిమిషాలు మనుషుల గురించి మాట్లాడండి. కథలో ఏయే భయపెట్టే విషయాలు ఉన్నాయో, కథ చెడకుండా, ముందే చెప్పండి. సాలీళ్లు, శవాలు, పిల్లలు తప్పిపోవడం లాంటివి. టేబుల్ మధ్యలో ఎక్స్ అని రాసిన ఒక కార్డు పెట్టండి. జాన్ స్టావ్రోపోలస్ అనే గేమ్ డిజైనర్ తెచ్చిన పద్ధతి ఇది. ఎవరికైనా ఏదైనా ఘట్టం భరించలేనిదిగా అనిపిస్తే ఆ కార్డును తాకితే చాలు, కారణం చెప్పనక్కర్లేదు, ఆ ఘట్టాన్ని వదిలేసి ముందుకు వెళతాం. మా ఇంట్లో ఒక్కసారే వాడారు. ఆసుపత్రి లాంటి చోటు వర్ణిస్తుండగా ఒకామె కార్డు తాకింది. రెండు వాక్యాల్లో ఆ గది దాటించేశాను. ఎవరూ ఏమీ అడగలేదు. మిత్రులే కదా, కార్డు ఎందుకని అనుకోవద్దు. మిత్రుల ముందే కొన్ని మాటలు చెప్పడం ఇంకా కష్టం.

కొత్తవాళ్లకు నియమాలు మూడే చెప్పండి. మీ వంతులో మూడు యాక్షన్లు చేయవచ్చు. ఏం ప్రయత్నించినా ఇరవై ముఖాల పాచిక వేసి షీట్ మీద ఉన్న అంకె కలపాలి. కావాల్సిన సంఖ్య కంటే 10 గానీ ఇంకా గానీ ఎక్కువ వస్తే గొప్ప విజయం, 10 గానీ ఇంకా గానీ తక్కువ వస్తే పెద్ద దెబ్బ. మిగతావి అవసరం వచ్చినప్పుడు వాళ్లే అడుగుతారు.

సొసైటీ ఏజెంట్లకు మూడు బాధ్యతలు ఉన్నాయి, అన్వేషించడం, రాసి పంపడం, సహకరించడం. మూడోది కథలో అలంకారం కాదు, టేబుల్ నియమం. ఒక ఆటగాడి క్యారెక్టర్ ఇంకొకరి క్యారెక్టర్‌ని కొట్టడం, దోచుకోవడం కుదరదు. పాత మిత్రుల మధ్య కాలేజీ నాటి సరదాలు ఉంటాయి, ఒకరి సంచి ఒకరు కొట్టేయాలని చూస్తారు. మొదటిసారే ఆపండి.

ఇంట్లో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇంకొకటి. బాగా తెలిసిన మనిషి పక్కవాళ్ల వంతు కూడా తానే ఆడేస్తారు. భర్త భార్యకు, అన్న తమ్ముడికి "నువ్వు ఇది చెయ్" అని చెబుతుంటారు. అప్పుడు ఆ రెండో మనిషి వైపు తిరిగి, వాళ్ల క్యారెక్టర్ పేరు పెట్టి పిలవండి. "కైరా, తలుపు పగిలింది. మీరేం చేస్తున్నారు?" అని అడిగి ఆగండి. పది సెకన్లు మౌనంగా ఉన్నా ఫర్వాలేదు. మాట్లాడని మనిషి చెప్పే మొదటి మాట కోసం ఆగడం జీఎం పని.

నియమం మీద వాదన వస్తే రెండు నిమిషాలు వెతకండి. దొరకకపోతే మీకు న్యాయం అనిపించింది చెప్పి ముందుకు వెళ్లండి, ఆట అయ్యాక చూసి అందరికీ చెప్పండి. తేడా వచ్చేది ఒక క్యారెక్టర్ ప్రాణం దగ్గరైతే మాత్రం ఎంతసేపైనా సరే, అప్పుడే వెతకండి.

గడియారం మీద కన్ను ఉండాలి. పని అప్పగించే ఘట్టానికి అరగంట, చివరి పోరాటానికి గంట పక్కన పెట్టుకుని మిగతాదంతా మధ్యలో సర్దండి. ఐదున్నరకు ఇంకా సగంలోనే ఉంటే మధ్య ఘట్టాలను మాటలతో త్వరగా దాటించండి. చివరి పోరాటం హడావుడిగా అవ్వకూడదు, అందరూ ఎదురుచూసేది దాని కోసమే.

షీట్లు, రిపోర్టు

కథ ముగిశాక ఎవరినీ కదలనివ్వొద్దు, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. మామూలు సినారియోకు 4 ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు, బౌంటీకి 1. మొత్తం 12 అయితే లెవెల్ పెరుగుతుంది. అంటే మూడు సినారియోలకు ఒక లెవెల్. సినారియో తర్వాత ఎనిమిది రోజుల డౌన్‌టైమ్ కూడా దక్కుతుంది. ఆ రోజుల్లో క్యారెక్టర్ ఏదో పని చేసి కాస్త డబ్బు సంపాదించుకోవచ్చు, దాని పాచిక మీ ముందే వేయించండి. క్రానికల్ షీట్లు పూరించి, ఎవరిది వాళ్లకిచ్చి, అందరివీ ఫోన్‌తో ఫొటో తీసి మీ దగ్గర కూడా ఉంచుకోండి.

రిపోర్టు ఆ రాత్రే సైట్‌లో పెట్టండి. ఈవెంట్ నంబర్, సినారియో, తేదీ, ఎవరి ఏ క్యారెక్టర్ ఆడింది, ఇవే. పది నిమిషాల పని. ఒకసారి నేను పనుల్లో పడి నెల రోజులు వాయిదా వేశాను. ఈలోగా నోట్‌బుక్‌లో ఒక నంబర్ తప్పు రాసినట్టు తేలింది, ఒకరి షీట్ ఇల్లు మారేటప్పుడు పోయింది. మూడు ఆటల లెక్క సరిచేయడానికి ఆరుగురికి ఫోన్లు చేయాల్సి వచ్చింది. తమ క్యారెక్టర్‌ని జాగ్రత్తగా దాచుకుంటున్న మనుషులకు అలా చేయడం అన్యాయం. అప్పటి నుంచి రిపోర్టు పెట్టాకే నిద్ర.

జీఎంకు కూడా ఆ సినారియో క్రెడిట్ దక్కుతుంది, తన క్యారెక్టర్ ఒకదానికి వేసుకోవచ్చు. కాబట్టి కథ నడిపినవాళ్లు వెనకబడిపోరు. ఈ సంగతి నాలుగో ఆటకల్లా అందరికీ చెప్పి, ఇంకొకరిని జీఎంగా కూర్చోబెట్టండి. మొదట బౌంటీ ఇవ్వండి, మీరు ఇదివరకు నడిపిందైతే మంచిది. మీ తెలుగు వాక్యాల కాగితం, పెన్సిల్ గుర్తులు వాళ్లకివ్వండి. వాళ్లు నడుపుతున్నప్పుడు మీరు ఆటగాడిగా పక్కన కూర్చోండి, అడిగితే తప్ప నియమం చెప్పొద్దు. మా టేబుల్ దగ్గర ఇప్పుడు ముగ్గురు జీఎంలు ఉన్నారు. నాకు ఒంట్లో బాగాలేని ఆదివారం కూడా ఆట జరుగుతుంది, వేరే ఇంట్లో, నా చార్టు మీద.

అందరూ చెప్పులు వేసుకునేలోపు తర్వాతి తేదీ, జీఎం పేరు, ఎవరింట్లోనో నోట్‌బుక్‌లో రాసేయండి. సోమవారం గ్రూపులో అడుగుదాం అనుకుంటే ఆ తేదీ దొరకదు.